చుట్ట ముట్టించే తీరు – పొగ రుచి: ఉత్తరాంధ్ర అడ్డపొగ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

చుట్ట రుచిని గురించి మాట్లాడేవారు సాధారణంగా ఆకు రకాన్ని, పండిన నేలను, మగ్గబెట్టిన తీరును ప్రస్తావిస్తారు. ఆ ఆకుకు నిప్పు ఎలా తగిలింది, ఎంత వేడితో తగిలింది, తగిలాక నోటికి ఎంత దూరంలో నిలిచింది అన్న విషయాలు కూడా రుచిని అంతే బలంగా నిర్ణయిస్తాయి. ముట్టించే పద్ధతికీ పొగ రుచికీ గల సంబంధాన్ని దహన రసాయనశాస్త్రం ఆధారంగా వివరించి, ఆ సంబంధం పరాకాష్ఠకు చేరిన సందర్భంగా శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల అడ్డపొగ ఆచారాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అడ్డపొగను వింత ఆచారంగా మాత్రమే చూడకుండా, నిప్పును ఉంచే ఒక పద్ధతిగా చూసినప్పుడే దాని ఆకర్షణా, అది అంగిలికి చేసే హానీ ఒకేచోట అర్థమవుతాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చుట్ట, లంక పొగాకు, ముట్టించడం, నిప్పుకణిక, అడ్డపొగ, అంగిలి క్యాన్సర్, శ్రీకాకుళం.

1. ఉపోద్ఘాతం

పొగాకు మన దేశానికి పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. అసద్ బేగ్ బీజాపూరు నుంచి పొగాకును, పొగ పీల్చే గొట్టాన్ని తెచ్చి అక్బరు కొలువులో సమర్పించిన వృత్తాంతం చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. ఉత్తరాదిన ఆ మొక్క హుక్కాలోకి చేరగా, తెలుగు, తమిళ ప్రాంతాలలో ఎక్కువగా చుట్ట రూపం తీసుకొంది. గోదావరి పాయల మధ్య ఏర్పడిన లంకలలో, వరదలు తెచ్చి పరచిన ఒండ్రుమట్టిలో పండిన పొగాకు ‘లంక పొగాకు’ అయింది. దానితో చేసిన చుట్టకు మద్రాసు రాజధానిలోని ఆంగ్లేయులలో ఎంత ఆదరణ ఉండేదో 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ‘లంకా’ అన్న పదాన్ని ప్రత్యేక ఆరోపంగా చేర్చుకోవడాన్ని బట్టి గ్రహించవచ్చు. 1890 నాటి ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్, హంతకుడు కాల్చినది ఇండియా లంక చుట్ట అని తేలితే వెతకవలసిన పరిధి తగ్గిపోతుందని వాట్సనుకు చెబుతాడు. గోదావరి లంక పేరు లండను అపరాధ పరిశోధన కథలోకి ఎక్కడం ఆసక్తికరమైన విషయం. అయితే హోమ్స్ చూపు చుట్ట కాలిపోయాక మిగిలిన నుసి మీద ఉంటుంది. ఈ వ్యాసం దృష్టి చుట్ట అంటుకొనే క్షణం మీద ఉంది.

తెలుగు సాహిత్యంలో చుట్టకు గిరీశాన్ని మించిన ప్రచారకుడు లేడు. ‘కన్యాశుల్కం’లో వెంకటేశం తన గురువు దగ్గర నిజంగా నేర్చుకొన్న విద్య చుట్ట కాల్చడమొక్కటే. ఆ నాటకం విజయనగరం వాతావరణంలోంచి పుట్టినది. అదే నేల మీద, అదే కాలంలోనూ ఆ తరువాతా, చుట్టను గిరీశానికి పూర్తి భిన్నంగా కాల్చినవారు వేలాదిమంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. నిప్పు ఉన్న కొసను నోటిలోపల పెట్టుకొని, పెదవులు మూసి, పొగ తీసుకోవడం వారి పద్ధతి. దీనినే అడ్డపొగ అంటారు. నాటకంలోని చుట్టపై మన విమర్శకులు చేసిన చర్చతో పోలిస్తే ఈ చుట్టపై చర్చ దాదాపు వైద్య పత్రికలకే పరిమితమైంది. అక్కడ అది వ్యాధి కారణంగా కనిపిస్తుంది, రుచిగా కనిపించదు. కాల్చేవారికి మాత్రం అది మొదట రుచి.

2. నిప్పుకణికలో జరిగేది

చుట్ట, సిగారు నిర్మాణంలో దగ్గరి బంధువులు. సిగారులో మూడు పొరలుంటాయి: లోపలి ఆకు, దాన్ని బిగించే కట్టు ఆకు, పైన చుట్టే నాణ్యమైన పై ఆకు. మన ఊళ్లలో చేత్తో చుట్టుకొనే చుట్టలో ఈ విభజన అంత కచ్చితంగా ఉండదు. ఈనె తీసిన ఆకుముక్కలను పేర్చి, ఒక మంచి ఆకుతో చుట్టేస్తారు. కాగితం లేదు, వడపోత లేదు. పొగాకును పొగాకులోనే చుట్టడం వలన నిప్పు ప్రవర్తన పూర్తిగా ఆకుపైనే ఆధారపడుతుంది.

ముట్టించిన చుట్ట కొసన రెండు మండలాలను గుర్తించాలి. మొదటిది నిప్పుకణిక. ఇక్కడ ఆకు అప్పటికే బొగ్గుగా మారి, గాలిలోని ఆక్సిజనుతో కలిసి కాలుతూ వేడిని పుట్టిస్తుంది. సిగరెట్టులపై జరిగిన కొలతలలో దమ్ము లాగేటప్పుడు ఈ కణిక ఉష్ణోగ్రత సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుందని, దమ్ముల మధ్య విరామంలో వంద రెండు వందల డిగ్రీలు తగ్గుతుందని తేలింది. రెండవ మండలం కణికకు సరిగ్గా వెనుక, కొన్ని మిల్లీమీటర్ల మేర ఉంటుంది. ఆక్సిజను దాదాపు అంతా ముందే ఖర్చయిపోవడంతో అక్కడ ఆకు కాలదు. వేడికి విచ్ఛిన్నమవుతుంది, దానిలోని ఆవిరయ్యే పదార్థాలు బట్టీ పట్టినట్లు బయటికి వస్తాయి. రుచి, వాసనలలో అధికభాగం పుట్టేది ఈ రెండవ మండలంలోనే. పూర్తిగా కాలిన పదార్థం బొగ్గుపులుసు వాయువు, నీటియావిరి, నుసిగా మిగులుతుంది. అందులో రుచి చూడడానికి ఏమీ ఉండదు.

నికొటిన్ 247 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆకులోని కెరొటినాయిడ్లు ఆరబెట్టి మగ్గబెట్టే దశలో విడిపోయి ఏర్పడిన సుగంధ పదార్థాలు కూడా మితమైన వేడికే ఆవిరవుతాయి. వేడి ఇంకా పెరిగితే సెల్యులోజు, చక్కెరలు విచ్ఛిన్నమై ఫర్‌ఫ్యూరల్ వంటివి, మాంసకృత్తులు విచ్ఛిన్నమై పిరిడీన్, పైరోల్ జాతి పదార్థాలు పుడతాయి. వీటిలో కొన్ని వేయించిన గింజల వాసనను, కొన్ని చేదును, మాడు వాసనను ఇస్తాయి. ఒకే ఆకు, వేడి మారితే వేరు పొగను ఇస్తుంది. వంటింటి ఉపమానం ఒక్కటి చాలు: ఒకే జీలకర్ర సన్నని సెగ మీద కమ్మగా వేగుతుంది, కాగిన నూనెలో క్షణంలో మాడి చేదెక్కుతుంది.

చుట్ట పొగకు మరొక విశేషముంది. సిగరెట్టులో వాడే వర్జీనియా పొగాకును బారన్లలో వేడిగాలితో ఆరబెడతారు. దానిలో చక్కెర మిగిలి, పొగకు ఆమ్లగుణం వస్తుంది. చుట్టకు, సిగారుకు వాడే ఆకు నెమ్మదిగా ఆరి, కుప్పలలో మగ్గుతుంది. చక్కెర తరిగిపోతుంది, అమ్మోనియా జాతి క్షారాలు పెరుగుతాయి. క్షారగుణం ఉన్న పొగలో నికొటిన్ స్వేచ్ఛారూపంలో ఉండి నోటి పొరల గుండానే రక్తంలోకి చేరగలదు. పిహెచ్ విలువ 8 దగ్గర సుమారు సగం నికొటిన్ ఈ రూపంలో ఉంటే, 6 దగ్గర నూటికి ఒక వంతు మాత్రమే ఉంటుంది. అందుకే చుట్ట కాల్చేవారికి పొగను ఊపిరితిత్తుల దాకా లాగవలసిన అవసరం లేదు, నోటిలో నిలిపితే సరిపోతుంది. మింగలేదు, పీల్చలేదు కాబట్టి ప్రమాదం లేదన్న వాదన మాత్రం నిలవదు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లో సిగార్లపై వెలువరించిన సంపుటం, పొగను లోపలికి పీల్చని సిగారు వాడుకరులలో కూడా నోటి క్యాన్సరు ముప్పు అధికమని వివరంగా చూపింది.

‘ఘాటు’ అని మనం అనే అనుభూతిలో నాలుక గుర్తించే రుచి కొంతే. నికొటిన్ స్వయంగా చేదు. అంతేకాక నొప్పిని, మంటను గ్రహించే నాడీ గ్రాహకాలను అది తాకుతుంది. మిరపకారాన్ని గుర్తించే గ్రాహకమే 43 డిగ్రీలు దాటిన వేడిని కూడా గుర్తిస్తుంది. తెలుగులో మిరపకాయ కారానికీ కాలిన చేతి బాధకూ ‘మంట’ అన్న ఒకే మాట ఉండడం శరీరధర్మశాస్త్రం దృష్ట్యా కూడా సమంజసమే. చుట్ట ఘాటులో రసాయనం పాలెంత, వేడి పాలెంత అని కాల్చేవారు విడదీసి చెప్పలేరు. ఈ అంశం అడ్డపొగ చర్చలో కీలకమవుతుంది.

3. ముట్టించడంలోని తేడాలు

కాలుతున్న చుట్టలో వేడిని ఆకు అల్లిక, తేమ, దమ్ము బలం నియంత్రిస్తాయి. ముట్టించే క్షణంలో మాత్రం వేడి బయటినుంచి వస్తుంది, దాన్ని నియంత్రించేది చేయి. బ్యూటేను టార్చి లైటరు మంట వెయ్యి డిగ్రీలు సులభంగా దాటుతుంది. ఆ మంటను నేరుగా కొసకు ఆనించి గట్టిగా దమ్ము లాగితే, రెండవ మండలం ఏర్పడకముందే ఆకు పైపొర మాడిపోతుంది. మొదటి అయిదారు దమ్ములలో వచ్చే చేదు ఈ మాడు పొరదే. సిగారు వాడుకరులు చెప్పే పద్ధతి ఇందుకు విరుగుడు. మంటను కొసకు ఆనించకుండా కాస్త కింద పట్టి, సిగారును వేళ్లతో తిప్పుతూ, అంచు అంతటా సమంగా ఎర్రబడే దాకా సెగ చూపిస్తారు. ఆ తరువాతే నోట పెట్టి మెల్లగా లాగుతారు. సెగకు కొసలోని తేమ పోతుంది, వలయమంతా ఒకే లోతున కణిక ఏర్పడుతుంది.

సమంగా అంటుకోకపోతే ఏమవుతుందన్నది కొంచెం నిలిచి చూడదగినది. ఒక పక్కే అంటుకొన్న చుట్టలో గాలి ఆ పక్కనుంచే ఎక్కువగా లోపలికి పోతుంది. గాలి పోయినచోట నిప్పు ఇంకా చురుకవుతుంది, చురుకైనచోట ఆకు తొందరగా కాలి గాలికి దారి ఇంకా పెద్దదవుతుంది. తప్పు తనను తానే పెంచుకొంటూ పోయే స్థితి ఇది. కాలని పక్క పొగలో నానినట్లు ఉండి, అరకొర వేడికి చేదు, వగరు కలిసిన పదార్థాలను విడుస్తుంది. కాల్చేవ్యక్తి ఆరిపోతుందేమోనని తరచుగా దమ్ము లాగడంతో చురుకైన పక్క మరింత వేడెక్కుతుంది. ఒకే చుట్టలో ఒక పక్క మాడు, మరొక పక్క పచ్చి. ముట్టించడంలో చేసిన పొరపాటును తరువాత ఎంత ఓపికతో కాల్చినా పూర్తిగా సరిచేయడం కష్టం.

నిప్పుకు వాడే ఇంధనం కూడా పొగలో చేరుతుంది. అగ్గిపుల్ల తలలో పొటాషియం క్లోరేటుతోపాటు గంధకం ఉంటుంది. గీసిన వెంటనే వచ్చే ముక్కుపుటాలదిరే వాసన గంధకం కాలి ఏర్పడిన వాయువుది. తల పూర్తిగా కాలి, మంట కర్రకు దిగేదాకా ఆగితే ఈ వాసన చుట్టలో చేరదు. పెట్రోలు లైటరు, కొవ్వొత్తి వాసనను వదిలే ఇంధనాలు. బ్యూటేనుకు అటువంటి వాసన దాదాపు లేకపోయినా, పైన చెప్పినట్లు దాని టార్చి మంట వేడి ఎక్కువ.

ఈ వరుసలో మన ఇళ్లలోని పాత పద్ధతికి తగిన స్థానం ఇవ్వాలి. పొయ్యిలోంచి ఒక నిప్పును తీసి చుట్ట కొసకు ఆనించడం అగ్గిపెట్టె రాకముందూ, వచ్చాక కూడా పల్లెల్లో మామూలు. నిప్పుకు జ్వాల లేదు, ఇంధనపు వాసన లేదు, అది కొసను సెగతో అంటిస్తుంది. ఖరీదైన సిగారుకు నేడు సూచించే సెగ చూపే పద్ధతికి ఇది చాలా దగ్గర. భాష కూడా ఈ సంగతిని దాచుకొంది. దీపాన్ని ‘వెలిగిస్తాం’, పొయ్యిని ‘రాజేస్తాం’, చుట్టను మాత్రం ‘ముట్టిస్తాం’. ‘ముట్టు’ అంటే తాకు, ‘ముట్టించు’ దాని ప్రేరణ రూపం. వెలుగు ప్రయోజనం కాని చోట, నిప్పును తాకించడమే పని అయిన చోట ఈ క్రియ వచ్చింది. అయితే ఇది చుట్టకే పరిమితమైన మాట కాదు, పొయ్యి ముట్టించడం కూడా వాడుకలో ఉంది. కాబట్టి ఈ పద విశ్లేషణను ఒక సూచనగా గ్రహించడం మేలు.

ఆకు పదును గురించి క్లుప్తంగా. తేమ ఎక్కువైన ఆకు వేడిలో అధికభాగాన్ని నీటిని ఆవిరి చేయడానికే తీసుకొంటుంది. అటువంటి చుట్ట అంటుకోదు, అంటుకొన్నా ఆవిరి కలిసిన పొగ నాలుకను చురుక్కుమనిపిస్తుంది. మరీ ఎండిన ఆకు భగ్గున అంటుకొని వేడిగా, పలుచగా కాలుతుంది. సిగార్లను 65 నుంచి 70 శాతం సాపేక్ష ఆర్ద్రతలో నిలవచేయడం ఈ రెండింటి మధ్య నిలపడానికే. నేల రసాయనం కూడా నిప్పుపై ప్రభావం చూపుతుంది. ఆకులో పొటాషియం ఉంటే నిప్పు నిలుస్తుంది. క్లోరైడు ఎక్కువైతే నిలవదు. ఉప్పునీటి బావుల కింద పండిన పొగాకు సరిగా కాలదన్న రైతుల ఫిర్యాదుకు ఇదే మూలం. 1947లో రాజమండ్రిలో ఏర్పడిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వంటి చోట్ల ఆకు నాణ్యతను కొలిచేటప్పుడు క్లోరైడును లెక్కించడం అందువల్లనే. ఏటా నది నీటితో కడిగినట్లయ్యే లంక భూములకు వచ్చిన పేరులో ఈ అంశానికి కూడా పాలు ఉండడం సహజమే.

ఆరిన చుట్టను మళ్లీ ముట్టించినప్పుడు రుచి చెడుతుందని కాల్చేవారందరికీ తెలుసు. కణిక చల్లారుతున్నప్పుడు పొగలోని తారు, క్షార పదార్థాలు వెనుక ఆకుపై గడ్డకట్టి నిలుస్తాయి. మళ్లీ నిప్పు తగిలేసరికి అవన్నీ ఒక్కసారిగా ఆవిరవుతాయి. నుసి రాల్చి, కొసకు సెగ చూపి, ఒకసారి బయటికి ఊది, తరువాత లాగడం దీనికి చేసే ఉపాయం. ఆరకుండా కాల్చినా ఇదే ప్రక్రియ నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది. ప్రతి దమ్ములోనూ కొంత తారు మిగిలిన ఆకులో నిలుస్తుంది, అందుకే చుట్ట పీక దగ్గరికి వచ్చేసరికి చేదెక్కుతుంది. నోటికీ నిప్పుకూ మధ్యనున్న ఆకు రెండు పనులు చేస్తుందన్నమాట: పొగను చల్లబరుస్తుంది, దానిలో కొంత భాగాన్ని తనలో నిలుపుకొంటుంది.

4. నిప్పు నోటిలోకి చేరినప్పుడు

ఆ మధ్యనున్న ఆకును తీసేస్తే ఏమవుతుంది? అడ్డపొగ ఈ ప్రశ్నకు సమాధానం.

ఫిలిప్పీన్స్, సార్డీనియా, పనామా, కరేబియను దీవులు మొదలైన చోట్ల కూడా ఈ అలవాటు నమోదైంది. అయితే దానిపై అతి విస్తృతమైన అధ్యయనాలు జరిగినది ఉత్తరాంధ్రలో. చుట్టను బయట ముట్టించి, కణిక నిలకడగా ఏర్పడ్డాక తిరగేసి, నిప్పు కొసను నోటిలో పెట్టుకొంటారు. పెదవులు చుట్ట చుట్టూ మూసుకొని ఉంటాయి. గాలి బయటనున్న చల్లని కొసనుంచి ఆకుల మధ్యగా ప్రవేశించి నోటిలోని కణికను చేరుతుంది. పొగ నేరుగా నోటిలోకే విడుదలవుతుంది. నుసిని ఉమ్ముతారు, లేదా మింగుతారు. పెదవుల తడికి చుట్ట నెమ్మదిగా కాలుతుంది.

మామూలు పద్ధతితో దీన్ని పోల్చి చూస్తే మూడు తేడాలు స్పష్టమవుతాయి. పొగ ఆకు గుండా ప్రయాణించదు కాబట్టి చల్లబడదు. అదే కారణంగా తారు మిగిలిన ఆకులో పేరుకోదు, కాబట్టి సిద్ధాంతరీత్యా చివరిదాకా దాదాపు ఒకే రుచి రావాలి, పీక దగ్గర వచ్చే చేదు తగ్గాలి. ఇక మూడవది, మనం ఇందాక వాయిదా వేసిన ఘాటు విషయం. ఇక్కడ వేడి పొగకు తోడుగా రావడం లేదు, తానే అనుభూతిలో ప్రధానభాగమవుతోంది. నికొటిన్ తాకే గ్రాహకాలకు పక్కనే వేడి తాకే గ్రాహకాలు కూడా ఒకేసారి మేల్కొంటాయి. మామూలు చుట్టకు అలవాటుపడినవారికి కలిగే ఘాటు దీనితో పోలిస్తే చప్పగా తోచడం వింత కాదు.

ఈ అలవాటు ఎలా పుట్టిందన్నదానిపై ప్రచారంలో ఉన్న వివరణలు కొన్ని ఉన్నాయి. సముద్రపు గాలికి, నీటి తుంపరకు చుట్ట ఆరకుండా బెస్తలు ఇలా చేశారని, నీటిలో నిలబడి పనిచేసేవారు రెండు చేతులూ ఖాళీగా ఉండడానికి అలవరచుకొన్నారని, నిప్పు కనిపించకుండా ఉండడానికి స్త్రీలు ఎంచుకొన్నారని అంటారు. ఇవన్నీ నమ్మదగినవే. అయితే ఇవి అలవాటు మొదలవడానికి కారణాలు చెబుతాయి, నిలవడానికి చాలవు. గాలి వీచని ఇంటి అరుగు మీద, పని ముగిశాక కూర్చొని, ఎవరికీ దాచకుండా అడ్డపొగ తాగే వృద్ధురాలి విషయంలో గాలీ నీరూ రహస్యమూ ఏవీ వర్తించవు. అక్కడ మిగిలేది రుచి, ఆ వేడికి నోరు అలవాటుపడడం. సామాజిక కారణాలకే ప్రాధాన్యమిచ్చే మన వ్యాఖ్యానాలలో ఈ అంశం లోపించిందని నా అభిప్రాయం.

5. అంగిలిపై ఆధారాలు

వేడి ఎంత? వైద్య సాహిత్యంలో తరచుగా ఉదహరించే కొలతల ప్రకారం అడ్డపొగ సమయంలో నోటిలోని గాలి 120 డిగ్రీల దాకా, అంగిలి పొర 58 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మంటగా తోచే హద్దు 43 డిగ్రీలని పైన చూశాం. కణిక అంగిలికి తాకకుండా ఉంచడంలో కాల్చేవారి నేర్పు ఉన్నా, పక్కనే ఉన్న పొర రోజూ, ఏళ్ల తరబడి ఈ వేడిని భరించవలసి వస్తుంది. దానికితోడు ఎక్కడా వడపోత లేని పొగ, దానిలోని నైట్రోసమైన్లు మొదలైన క్యాన్సరు కారకాలు అదే చోట పడతాయి.

బొంబాయిలో పనిచేసిన వి. ఆర్. ఖనోల్కర్, బి. సూర్యాబాయి 1945లో ప్రచురించిన పత్రంలో భారతీయుల అలవాట్లతో ముడిపడిన మూడు రకాల క్యాన్సర్లను వేరుచేసి చూపారు. ధోవతి కట్టు రాపిడివల్ల నడుము దగ్గర వచ్చేది ఒకటి, ఖైనీవల్ల పెదవి దగ్గర వచ్చేది మరొకటి, తిరగేసి కాల్చే చుట్టవల్ల అంగిలిపై వచ్చేది మూడవది. అంగిలి క్యాన్సరు ఇతర ప్రాంతాలలో అరుదు. అది ఒక ప్రాంతంలో, అందులోనూ స్త్రీలలో గుంపుగా కనిపించడమే పరిశోధకులను ఇటు నడిపించింది.

డెన్మార్కుకు చెందిన జె. జె. పిండ్‌బోర్గ్, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫాలీ మెహతా, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లా గ్రామాలలో 10,169 మంది నోళ్లను పరీక్షించి 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ఫలితాలు ప్రకటించారు. పరీక్షించినవారిలో అయిదింట రెండు వంతులకు మించి అడ్డపొగ వాడుకరులే. అంగిలిపై తెల్లబారిన పొర, గట్టిపడిన బొడిపెలు, ఎర్రని మచ్చలు, పుండ్లు, రంగు కోల్పోయిన భాగాలు అంటూ ఒకే అలవాటు తెచ్చే మార్పులను వారు వర్గీకరించారు. ఈ అధ్యయనాన్ని ఉదహరించేవారు గుర్తుంచుకోవలసిన విషయమొకటి ఉంది. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది, కాబట్టి 1971 నాటి శ్రీకాకుళం జిల్లా నేటి జిల్లా కాదు. పాత అంకెలను నేటి సరిహద్దులకు యథాతథంగా అన్వయించడం పొరపాటు.

ఈ మార్పులలో రుచికి సంబంధించినది ఒకటి ఉంది. వేడి, పొగ తగిలే అంగిలిపై చిన్న లాలాజల గ్రంథుల ద్వారాలు వాచి, తెల్లని పొర మీద ఎర్రని చుక్కలుగా కనిపిస్తాయి. పైపొర దళసరి అవుతుంది. దళసరి పొర వేడిని తక్కువగా గ్రహిస్తుంది. అంటే ఘాటును కోరి నోటిలోకి తెచ్చుకొన్న నిప్పే ఆ ఘాటును గ్రహించే శక్తిని క్రమంగా మొద్దుబారుస్తుంది. తొలినాళ్లలో భరించలేని వేడి తరువాత సుఖంగా తోచడానికి అలవాటు అని మనం పెట్టే పేరు వెనుక ఈ శరీర మార్పు కూడా ఉందని భావించడానికి ఆస్కారముంది. నొప్పి లేకపోవడం అక్కడ క్షేమానికి గుర్తు కాదు.

6. మానిపించే ప్రయత్నాలు – రుచి ప్రసక్తి

పొగాకు వాడకాన్ని మాన్పించి నోటి క్యాన్సరును అరికట్టవచ్చా అని పరీక్షించిన తొలి పెద్ద అధ్యయనాలలో ఒకటి శ్రీకాకుళం జిల్లాను కూడా కలుపుకొంది. కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాలతో కలిపి మొత్తం 36,000 మంది పొగాకు వాడుకరులను అనుసరించిన ఈ అధ్యయన ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. వ్యక్తిగతంగా మాట్లాడడం, ప్రచార సాధనాలు రెండూ వాడారు. పోల్చి చూసిన వర్గంకంటే మానినవారు, తగ్గించినవారు ఎక్కువగా ఉన్నారని, నోటిలో తెల్లమచ్చలు కొత్తగా ఏర్పడడం తగ్గిందని తేలింది. అలవాటు తరతరాలుగా పాతుకొన్నది కాబట్టి మాటలతో కదలదన్న నిరాశకు ఆధారం లేదని ఈ ఫలితం చూపుతుంది.

2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం పరిధిలో చుట్ట, సిగారు కూడా ఉన్నాయి. అయితే పెట్టె మీది హెచ్చరిక విడిగా కొనే చుట్టతో, ఇంట్లో చుట్టుకొనే చుట్టతో ప్రయాణించదు. ఇక్కడ మాటే మార్గం. ఆ మాట ‘పొగ తాగకండి’ అన్న సాధారణ వాక్యం దగ్గర ఆగితే, అడ్డపొగ తాగే అవ్వకు అది తన గురించి కాదని తోచవచ్చు. ఆమె దృష్టిలో పొగ తాగేవాడు సిగరెట్టు పట్టుకొన్న మనిషి. ‘అవ్వా, నిప్పు లోపలికి పెడతావా, బయటికి పెడతావా?’ అని అడిగినప్పుడు ప్రశ్న ఆమె నోటి దాకా వస్తుంది. రోజుకు ఎన్ని చుట్టలన్న లెక్క ఆ తరువాత.

నిప్పు కొసను బయటికి తిప్పితే అంగిలిపై వేడి తగ్గుతుంది. దీన్ని సురక్షితమైన ప్రత్యామ్నాయంగా సూచించడం మాత్రం తగదు. క్షారగుణం ఉన్న చుట్ట పొగ నోటి పొరలపై చేసే పని దిక్కు మారినంత మాత్రాన ఆగదు. మామూలుగా చుట్ట కాల్చేవారిలో కూడా నోటి క్యాన్సరు ముప్పు ఉన్నదే. అంగిలికి కొంత స్వస్థత దొరికేది చుట్ట మానినప్పుడే. మానాక వేడివల్ల ఏర్పడిన తెల్లని పొర, ఎర్రని చుక్కలు చాలామందిలో కొన్ని వారాలలో తగ్గుముఖం పడతాయి. అప్పటికీ తగ్గని తెల్లమచ్చను, ఎర్రబారిన భాగాన్ని, నొప్పి లేకపోయినా మానని పుండును దంతవైద్యుడికి చూపించి, ముక్క పరీక్ష చేయించాలి.